తాళంచెవి మా ఇంట్లోనే ఉంది

(2024 డిసెంబరు 7, సాయుధ దళాల పతాక దినోత్సవం నాడు మన ఊళ్ళో జరిగిన సభలో ఒక మాజీ హవల్దారు గారి అమ్మాయి మాట్లాడిన మాటలు. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకి రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మిలిటరీ బాబాయిలు ఎప్పుడు చూసినా వెనకే నిలబడతారు, మీరు కూడా రండి, ఇవాళ మీ రోజు. అమ్మా, నీకు వినపడుతోందా? సరే.

నాన్న గురించి మాట్లాడమన్నారు. ఆయన పోయి పది నెలలు కావొస్తోంది. ఈ ఊళ్ళో హవల్దారు గారంటే తెలియనివాళ్ళు లేరు. కానీ ఇక్కడ కూర్చున్న పిల్లలకి తెలిసిందల్లా పొద్దున ఐదింటికల్లా కర్ర పట్టుకుని కాలవగట్టు మీద నడిచే తాత. ఆయన ఎందుకు నడిచేవారు, ఆ కర్రతో నీళ్ళలో ఏం పొడిచి చూసేవారు? అది చెప్పాలంటే చాలా దూరం నుంచి మొదలుపెట్టాలి, కాస్త ఓపిక పట్టండి.

ముందు ఒక లెక్క చూడండి. ఫ్లెక్సీ మీద వీరజవాను అని వేశారు, సంతోషం, ఆయన రెండు యుద్ధాలు చూశారు. కానీ 81 ఏళ్ళు బతికిన మనిషి యూనిఫాంలో ఉన్నది ఎన్నేళ్ళు? 17 ఏళ్ళు. 1979లో ఆయన ఇంటికి వచ్చేటప్పటికి వయసు 36. మిగతా 45 ఏళ్ళూ ఇక్కడే, ఈ కాలవ కింద, ఈ శివారు భూముల్లో. మన ఊరి నుంచి మిలిటరీకి వెళ్ళినవాళ్ళు ముప్పై ఐదుకో నలభైకో తిరిగొచ్చేస్తారు, అప్పటికి పిల్లలింకా బడిలోనే ఉంటారు. మరి అక్కడి నుంచి మొదలయ్యే జీవితం గురించి ఎవరన్నా సభ పెట్టి మాట్లాడారా? నేను విన్నది లేదు. అందుకే ఇవాళ నేను ఆ 45 ఏళ్ళ గురించే ఎక్కువ మాట్లాడతాను.

నాన్న చేరింది 1962 చివర్లో, చైనా యుద్ధం తర్వాత సైన్యాన్ని పెంచుతున్న రోజుల్లో. ఎనిమిదో తరగతి చదువు. బెంగళూరులో మద్రాస్ ఇంజనీర్ గ్రూపులో వేశారు, మద్రాస్ శాపర్స్ అంటారు, 1780 నాటి దళం. శాపర్ అంటే ఏం చేస్తాడు? వంతెన కడతాడు, దారి వేస్తాడు, శత్రువు పాతిపెట్టిన మందుపాతరలు వెతికి తీసి వెనకొచ్చేవాళ్ళకి తోవ చేస్తాడు. తుపాకీ ఉంటుంది గానీ చేతిలో ఎక్కువ సేపు ఉండేది పార, గునపం, తాడు. "రైతు సామానే, కాకపోతే ఖాకీ వేసుకుని పట్టుకున్నాను" అనేవారు నాన్న.

1967లో పెళ్ళి. అప్పటి నుంచి పన్నెండేళ్ళు అమ్మే వ్యవసాయం చేసింది. ఏడాదికి రెండు నెలల సెలవు మీద నాన్న వచ్చి వెళ్ళేవారు. నారు పోయించడం, కూలీలతో మాట్లాడుకోవడం, కాలవ నీళ్ళు వదిలే లష్కరుని బతిమాలి నీళ్ళు తెచ్చుకోవడం, కుప్ప నూర్చి ధాన్యం ఇంటికి చేర్చడం, అన్నీ అమ్మే. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

తర్వాత 1977 నవంబరు 19, శనివారం. ఇక్కడ యాభై దాటినవాళ్ళకి ఆ రోజు గురించి నేను చెప్పక్కర్లేదు. పిల్లలకి చెప్తాను. దివిసీమ మీద ఉప్పెన పడింది. తాటిచెట్టు నడుం దాకా సముద్రం లేచి కిలోమీటర్ల కొద్దీ ఊళ్ళ మీదుగా లోపలికి వచ్చేసింది. ప్రభుత్వ లెక్కల్లోనే దాదాపు పది వేల మంది పోయారు. పశువులు లక్షల్లో. చేతికొచ్చిన వరి అంతా పోయింది. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. మన ఊళ్ళో అప్పటికి ఉన్నది ఒక్కటే డాబా. దాని మీదికి ఎక్కగలిగినవాళ్ళు బతికారు. అమ్మ నన్ను చంకనేసుకుని ఎక్కింది. మా నాయనమ్మ గేదె కట్టు విప్పివస్తానని వెనక్కి వెళ్ళింది. అంతే.

నాన్న అప్పుడు జమ్మూ వైపున ఉన్నారు. సరిహద్దులో కాపలా కాసే మనిషికి సొంత ఊరు సముద్రంలో మునిగిందని రేడియోలో తెలిసింది. తంతి తీగలు తెగిపోయాయి, ఉత్తరం రాదు, ఎవరు బతికారో ఎవరు పోయారో తెలియదు. సెలవిచ్చారు. రైళ్ళు మారి విజయవాడ, అక్కడి నుంచి బస్సు పోయినంత దూరం బస్సు, మిగతాది నడక. ఊరు చేరేటప్పటికి పన్నెండో రోజు.

ఇక్కడ ఒక సంగతి ఉంది, నాన్న నాకు ఒక్కసారే చెప్పారు. ఊరి మొదట్లో ఒక పెద్దాయన, మా వీధి మనిషే, నాన్నని చిన్నప్పుడు ఎత్తుకు తిప్పినాయన, ఎదురొచ్చారు. నాన్న ఒంటి మీద యూనిఫాం ఉంది. అప్పుడు ఇక్కడ శవాలు తీయడానికి, సాయం చేయడానికి సైనికులు వచ్చి ఉన్నారు కదా, వాళ్ళలో ఒకడనుకున్నాడాయన. చేతులు జోడించి, "అయ్యా, రాత్రుళ్ళు చలికి ఆగలేకపోతున్నాం, ఒక దుప్పటి ఇప్పించండి" అన్నాడు. నాన్న తనెవరో చెప్పలేదు. అమ్మా నేనూ ఉన్నామో లేమో కూడా ఇంకా తెలియదు ఆయనకి. అయినా వెనక్కి తిరిగి, దుప్పట్లు పంచే చోటికి వెళ్ళి, లైన్లో నిలబడి, దుప్పటి తెచ్చి ఆయన భుజాన కప్పి, అప్పుడు ఇంటికి వచ్చారు. ఇల్లంటే ఏముంది, నాలుగు గుంజలు.

ఎందుకు చెప్పలేదు నాన్నా అని అడిగాను నేను. "చెప్తే ఆయన దుప్పటి అడగడు, సిగ్గుపడతాడు" అన్నారు.

ఆ సెలవు అయిపోయాక వెళ్ళి ఇంకో రెండేళ్ళు పనిచేసి 1979లో వచ్చేశారు. ఇంకొన్నాళ్ళుంటే నాయబ్ సుబేదారు అయ్యేవారని తోటివాళ్ళు చెప్పారట. ఆయన ఆగలేదు.

ఇప్పుడు వ్యవసాయం సంగతి. రిటైరై వచ్చిన మిలిటరీ మనిషికి పెద్ద కష్టం ఏంటో తెలుసా? అక్కడ ఆయన మాట మీద పది మంది కదిలేవారు. ఇక్కడ ఎవరూ కదలరు, ఎందుకు కదలాలి? పైగా పదిహేడేళ్ళు లేని ఇంట్లో అన్నీ ఆయన లేకుండానే నడుస్తున్నాయి. చాలామంది ఇళ్ళల్లో గొడవలు అక్కడే మొదలవుతాయి, మీకు తెలుసు, నేను పేర్లు చెప్పక్కర్లేదు. కొందరు మందులోకి దిగుతారు, కొందరు నెలకే మళ్ళీ పెట్టె సర్దుకుని ఏదో ఊళ్ళో సెక్యూరిటీ గార్డు పనికి వెళ్ళిపోతారు.

నాన్న ఒక నోటుబుక్కు కొన్నారు. నిజంగా కొన్నారు, ఇదిగో, చూపిస్తాను, అట్ట పోయింది, దారంతో కుట్టాను. మొదటి పేజీలో తారీకు వేసి "వ్యవసాయం" అని రాసుకున్నారు. కింద అంతా అమ్మ చెప్పింది. ఒకటి చదువుతాను, మొలకకి నానబెట్టి గోనెలో కట్టిన వడ్లని మండె అంటాం: "మండె కట్టిన విత్తనం గోనెలో వేడెక్కుతుంది. చెయ్యి లోపలికి పెట్టి చూడాలి. చెయ్యి ఆగకపోతే నీళ్ళు చల్లాలి. గోనె పైన పట్టుకుని చూస్తే తెలియదు." ఇంకోటి: "గట్టు సూటిగా ఉండక్కర్లేదు. నీళ్ళు నిలవాలి." ఇది ఎందుకు రాసుకున్నారంటే, మొదటి ఏడు నాన్న తాడు పట్టి గీత గీసినట్టు గట్లు వేశారు, అమ్మ వచ్చి చూసి, "ఏవండీ, మడి ఇటు వాలు ఉంది, ఇటే తెగిపోతుంది" అంది. తెగిపోయింది కూడా. ఆయన చిన్నబుచ్చుకోలేదు. రాసుకున్నారు. పటాలంలో కొత్తగా చేరినవాడు పాఠం రాసుకున్నట్టు, సొంత పొలంలో సొంత భార్య దగ్గర మూడేళ్ళు రాసుకున్నారు. నాకు ఆయన గురించి అన్నిటికంటే గర్వంగా అనిపించేది ఇదే. అమ్మా, నీకు తెలుసో లేదో, నువ్వు అన్న ప్రతి మాటా ఇందులో ఉంది.

మన భూములు అప్పుడెలా ఉన్నాయంటే, ఎండ కాస్తే పైన తెల్లగా ఉప్పు తేలేది. సముద్రపు నీళ్ళు నిలిచిన మడి ఏడాదికో రెండేళ్ళకో బాగుపడదు. ఎలా బాగుచేశారు? మంచినీళ్ళు పెట్టాలి, నిలవ ఉంచాలి, ఉప్పు కరిగాక ఆ నీటిని డ్రెయినులోకి తీసేయాలి, మళ్ళీ పెట్టాలి, మళ్ళీ తీయాలి. తీయడమే ముఖ్యం, పెట్టి వదిలేస్తే ఎండకి నీళ్ళు ఆవిరై ఉప్పు మళ్ళీ పైకొస్తుంది. జీలుగు చల్లి, పూతకి రాకముందే కలియదున్నేవాళ్ళు, జీలుగు కాస్త ఉప్పుకి తట్టుకుంటుంది, భూమికి బలం కూడా. కానీ చిక్కెక్కడంటే, మనం శివారు. కాలవ నీళ్ళు అందరికీ అందాక మనకి. కాలవ నిండా గుర్రపుడెక్క. డ్రెయిను పూడిపోయింది. ఒక్కడి పొలం ఒక్కడు కడుక్కోలేడు, కింద రైతు డ్రెయిను తియ్యకపోతే పై రైతు ఉప్పు కింద రైతు మడిలోకే పోతుంది.

అక్కడ మొదలైంది నాన్న ఊరి పని. ఆయనేం మీటింగు పెట్టలేదు. ఒక రోజు పొద్దున్నే పార తీసుకుని డ్రెయినులో దిగారు. మర్నాడూ దిగారు. మూడో రోజు ఇద్దరొచ్చారు. పదో రోజుకి ఎంతమంది వచ్చారో ఇక్కడున్న పెద్దవాళ్ళు చెప్పాలి, మీలో కొందరు దిగినవాళ్ళే. మా బాబాయి తల ఊపుతున్నారు చూడండి. "అప్పుడు నువ్వు దిగావు గనక సిగ్గేసి దిగాం" అని నాన్నతో అనేవారు ఆయన. అప్పట్నుంచి ఏటా కాలవలకి నీళ్ళు ఆపేశాక మే నెలలో గుర్రపుడెక్క తీయడం ఆనవాయితీ అయింది.

ఇప్పుడు కర్ర సంగతి. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు అనుకుంటా, నాన్నతో పాటు డ్రెయిను గట్టు మీద వెళ్తున్నాను. ఆయన నీళ్ళలో దిగే ముందు కర్రతో జానెడు జానెడుకీ పొడిచి చూసి అడుగేస్తున్నారు. ఎందుకు నాన్నా, లోతు లేదుగా అన్నాను. అప్పుడు చెప్పారు. 1971 డిసెంబరులో, పాకిస్తాన్‌తో యుద్ధంలో, శకర్‌గఢ్ వైపు బసంతర్ నది దగ్గర, ట్యాంకులు దాటడానికి మందుపాతరల మధ్య దారి చెయ్యాలి. రాత్రి. చలి. పైన గుండ్లు పడుతున్నాయి. బోర్లా పడుకుని ఊచతో వాలుగా నేలలో గుచ్చుతూ పోవాలి, గట్టిగా తగిలితే ఆగాలి, చేత్తో మట్టి తీసి చూడాలి. "తొందరపడ్డవాడు తనొక్కడే పోడమ్మా, పక్కనున్నవాణ్ణి కూడా తీసుకుపోతాడు" అన్నారు. ఆ రాత్రి ఆయన పక్కనున్న మనిషి ఉదయానికి లేడు. అంతవరకే చెప్పారు. ఎవరు, ఏ ఊరు అని అడిగితే కర్ర కడుక్కుంటూ ఉండిపోయారు. మళ్ళీ ఎప్పుడూ నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఆ పొడిచి చూసే అలవాటే మన ఊరిని 1990లో కాపాడిందని నేను అనుకుంటాను. ఎందుకో చెప్తాను.

ఉప్పెన తర్వాత తీరమంతా తుఫాను షెల్టర్లు కట్టారు కదా, మనకీ ఒకటి వచ్చింది. కట్టిన మొదట్లో అందరూ చూసుకున్నారు. తర్వాత? తుఫాను రాని ఏళ్ళలో షెల్టరు ఎవరికి కావాలి? ఎరువుల బస్తాలు పెట్టుకున్నారు. తాళం ఒకరి దగ్గర. 1990 మే మొదటి వారంలో రేడియోలో హెచ్చరికలు మొదలయ్యాయి. 7వ తారీకున నాన్న వెళ్ళి షెల్టరు తలుపు లాగి చూశారు, తాళం ఉంది. తాళంచెవి ఉన్న పెద్దమనిషి పెళ్ళికని పొరుగూరు వెళ్ళారు, మే నెల కదా, లగ్గసరి. ఫోన్లు లేవు. ఆ రాత్రంతా చూసి, తెల్లారాక నాన్న రంపం బ్లేడు తెచ్చి తాళం కోశారు. నలుగురు కుర్రాళ్ళు బస్తాలన్నీ బయటికి మోశారు. చేతిపంపు పట్టేసింది, దాన్ని విప్పి బాగుచేశారు. ఇదంతా తుఫానుకి ఒక రోజు ముందు. 9న తీరం దాటింది. ఇది ఉప్పెన నాటి తుఫానుకి ఏమాత్రం తీసిపోయేది కాదు. రాష్ట్రం మొత్తం మీద 967 మంది పోయారు. 967 తక్కువా? కాదు. కానీ 1977లో పది వేలు. ముందే లక్షన్నర మందిని తీరం నుంచి కదిలించారు కాబట్టి ఆ తేడా.

కదిలించడం అంటారు గానీ అది ఎంత కష్టమో తెలుసా? ఎవరొస్తారు ఇల్లు వదిలి? ఒక పెద్దావిడ గేదెని వదిలి రానంది. నాన్న చెప్పారు, కుర్రాళ్ళు చెప్పారు, ఎత్తుకుపోతామన్నారు, గుంజ పట్టుకుని కూర్చుంది. నాన్న ఇంటికొచ్చి అమ్మని తీసుకెళ్ళారు. అమ్మ ఏం చేసిందో నేను చూశాను. ఏమీ చెప్పలేదు ముందు. వెళ్ళి గేదె పలుపు విప్పింది. పక్క ఇంట్లో ఎద్దుల పలుపులు విప్పింది. అప్పుడు అంది, "కట్టేసి ఉంటే చస్తుంది పిన్నీ. విప్పేస్తే ఈదుకుంటుంది. మా అత్త అది విప్పడానికే వెనక్కెళ్ళింది." ఆవిడ లేచి వచ్చింది. అప్పట్నుంచి మన ఊళ్ళో తుఫానంటే మొదటి పని పలుపులు విప్పడం. ఇది నాన్న పెట్టిన రూలని అందరూ అనుకుంటారు. కాదు, అమ్మది.

ఆ తర్వాత ఊరివాళ్ళే తెల్లకాగితం మీద రాసి తాళంచెవి నాన్న చేతిలో పెట్టారు. 34 ఏళ్ళు మా ఇంటి గుమ్మం పక్కన మేకుకి వేలాడింది. ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్లో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి, షెల్టరు తీసి ఊడ్పించి, తలుపు బందులకి నూనె పోసి, చేతిపంపు కొట్టి చూసేవారు. ఒక రిజిస్టరు ఉండేది. నెలలు నిండిన ఆడవాళ్ళు ఎవరు, మంచం మీద ఉన్న ముసలివాళ్ళు ఎవరు, ఏ ముసలాయన్ని ఏ కుర్రాడు మోసుకురావాలి. మోసే కుర్రాడు ఉద్యోగానికి హైదరాబాదు వెళ్ళిపోతే పేరు కొట్టేసి ఇంకొకరి పేరు. పిల్లలకి బడిలో ఓడరేవు హెచ్చరిక నంబర్లు నేర్పేవారు, మీలో చాలామందికి ఇప్పటికీ నోటికొచ్చు. పదకొండు అంటే ఏంటి? ఆఁ, కరెక్టు. వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని.

మధ్యలో ఒక మాట, ఇక్కడ ఈమధ్య రిటైరై వచ్చిన తమ్ముళ్ళు ఉన్నారు కాబట్టి. నాన్న ఊరి రిజిస్టరంతా సరిగ్గా రాశారు గానీ తన కాగితాల్లో అమ్మ పేరు ఒక అక్షరం తేడా ఉన్న సంగతి చూసుకోలేదు. డిశ్చార్జి బుక్కులో ఒకలా, ఆధార్‌లో ఒకలా. ఆయన పోయాక ఫ్యామిలీ పెన్షన్ కోసం ఐదు నెలలు తిరిగాం. ఒక ఆఫీసులో 75 ఏళ్ళ మనిషిని నిలబెట్టి, నువ్వు ఆయన భార్యవేనని రుజువేంటి అని అడిగారు. అమ్మ ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు. మీరు బతికుండగానే పీపీవోలో, అంటే పెన్షన్ మంజూరు కాగితంలో, భార్య పేరు, పుట్టిన తేదీ సరిచూసుకోండి, తేడా ఉంటే మీ రికార్డు ఆఫీసుకి రాసి, సర్వీసు రికార్డులో ఆ మార్పు ఎక్కేలా పార్ట్ టూ ఆర్డరు వేయించుకోండి, బ్యాంకులో జాయింటు ఖాతా పెట్టుకోండి. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వనివాళ్ళుంటే రేపే ఇవ్వండి. మాజీ సైనికుల వైద్యానికిచ్చే ఈసీహెచ్ఎస్ కార్డులో కూడా భార్య పేరు చూడండి. ఇవాళ ఇంటికెళ్ళి చూడండి, రేపు కాదు.

పోయిన ఏడు డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను వచ్చినప్పుడు నాన్న మంచం మీదున్నారు. కోసిన వరి పనల మీదే ఉంది, అందరికీ అదే టెన్షన్. నాన్న రిజిస్టరు తెమ్మన్నారు. కళ్ళు కనపడటం లేదు, నన్ను చదవమన్నారు. మంచం పట్టిన ముసలివాళ్ళ జాబితాలో నాలుగో పేరు ఆయనదే. ఆయనే రాయించుకున్నారు, పక్కన మోయాల్సిన ఇద్దరు కుర్రాళ్ళ పేర్లు కూడా. నేను ఆ పేరు దగ్గర ఆగిపోయాను. "చదువమ్మా, తర్వాతెవరు?" అన్నారు.

ఫిబ్రవరిలో వెళ్ళిపోయారు. ఏప్రిల్లో షెల్టరు తీయించింది అమ్మ. సెప్టెంబరులో నేను తీయించాను, బడికి సెలవు పెట్టి. కానీ నాకు వచ్చే ఏడు బదిలీ ఉంది, అమ్మకి మోకాళ్ళు లేవడం లేదు. తాళంచెవి ఇదిగో, తెచ్చాను. రిజిస్టరు కూడా తెచ్చాను. చాలా పేర్లు మారాలి, మోసే కుర్రాళ్ళలో ఐదుగురు ఊళ్ళో లేరు. ఇవి తీసుకునే మనిషి ఏప్రిల్లో, సెప్టెంబరులో ఊళ్ళో ఉండేవాళ్ళు అయ్యుండాలి, ఆడవాళ్ళయినా సరే, మిలిటరీలో చేసినవాళ్ళే కానక్కర్లేదు. ఇప్పుడే చెయ్యెత్తమని అడగను. భోజనాలయ్యేదాకా అమ్మ పక్కనే కూర్చుంటాను, రండి.